కఱవు కట్టిన గుడి

మెదకుపట్టణమునకు క్రొత్తగా వచ్చినవారిని మనము మొదట కొనిపోవునది చర్చికే. దూరమునుండియే దాని శిఖరము కన్పట్టును. వచ్చినవారు తలయెత్తి చూచి, ఎత్తెంత యని యడుగుదురు, నూటడెబ్బదియైదడుగులని చెప్పుదుము. ఎవరు కట్టించిరని యడుగుదురు. పాస్నెట్టుదొర యని చెప్పుదుము. ఇంత పని ఎట్లు సాగినదని యడుగుదురు. అప్పుడు పలువురి నోట వెడలు వాక్య మొకటి కలదు: "కఱవు పుణ్యమా యని కట్టబడినది." చెప్పువారును, వినువారును చిఱునవ్వు నవ్వి, లోనికి పోయి రంగుటద్దముల కిటికీలను చూతురు.

ఇంత చిన్నవాక్యమునుగూర్చి వ్యాసము వ్రాయుట వ్యర్థాయాసమని కొందఱకు తోపవచ్చును. కాని మనము ఆలోచింపక పలుకు మాటలయందే మన ధర్మబుద్ధి యెక్కువగా బయటపడును. సభలలో చెప్పు మాటలు కూర్చుకొని చెప్పునవి; అతిథితో నడచుచు చెప్పు మాట అట్టిది కాదు. కఱవునకు పుణ్యమును కట్టబెట్టుటలో ఒక తత్త్వమే యిమిడియున్నది. అనేకుల దుఃఖమునుండి యొక మంచి వస్తువు పుట్టినచో, ఆ వస్తువుచేత ఆ దుఃఖము సార్థకమైనదని దాని భావము. అట్లు చెప్పుటకు, చూడవచ్చిన మనకు హక్కు కలదా యనునదే నా ప్రశ్న.

చారిత్రకస్థలములను చూచుట నేడు చదువుకొన్న గృహస్థుల సామాన్యవినోద మైనది. పూర్వులు తీర్థయాత్ర చేసిరి. అందు చూచుటకు ముందు స్నానమును, ఉపవాసమును, దానమును ఉండెను. మనకు టికెట్టును, ఛాయాచిత్రమును మిగిలినవి. ఆ కాలమును తిరిగి తెండని నేననను; అందు పండాల దోపిడియు నుండెను, పంచములకు గుడివాకిలి మూతయు నుండెను. అయినను చూచువాడు చూడబడు దానికి ఏదో ఋణపడియున్నాడను తలంపు వారికి కలదు. ఆ తలంపు మాత్రము పోగొట్టుకొనదగినది కాదు.

మొదట మన యూరి సంగతి విచారింతము. చార్లెస్ వాకర్ పాస్నెట్టు ఇంగ్లండునుండి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు బోధకుడు. 19వ శతాబ్దిచివర ఆయన నిజాముగారి రాజ్యమునకు వచ్చి మెదకున స్థిరపడెను. ఇప్పుడున్న దేవాలయము పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25వ తేదీ క్రీస్తుజయంతినాడు ప్రతిష్ఠ జరిగెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు; ఒక్కసారి అయిదువేలమంది కూర్చుండ వీలగును. కిటికీల అద్దములు ఒక్కనాటివి కావు: క్రీస్తు ఆరోహణమును చూపునది 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్చబడెను. 1947లో దక్షిణఇండియా సంఘ మేర్పడినప్పుడు ఈ గుడి దానిలో చేరి మెదకు అధ్యక్షమండలమునకు ముఖ్యాలయ మయ్యెను. 2024తో దీనికి నూఱేండ్లు నిండినవి.

ఆ పదియేండ్లు మంచి యేండ్లు కావు. మొదటి ప్రపంచయుద్ధమువలన ధరలు పెరిగెను, 1918లో విషజ్వరము ఊళ్లను ఊడ్చివేసెను, వానలు తప్పెను. మెతుకుసీమ యని పేరుపొందిన సీమలో, మెతుకుదుర్గమని పిలువబడిన కోటక్రిందనే మెతుకు కఱవయ్యెను. పాస్నెట్టు ఆకలితో వచ్చినవారికి ఊరక గంజి పోయుటకు మాఱుగా పని కల్పించి, పనికి కూడు పెట్టెను. రాళ్లు కొట్టినవారు, మోసినవారు, సున్నము నూఱినవారు, వారి భార్యలు, బిడ్డలు ఆ కూటిచేత బ్రదికిరి. ఇది కాదనరాని మేలు.

దీని విలువ తెలియవలెనన్న, పనికి కూడు పెట్టుటలో ఎన్ని విధములు గలవో చూడవలెను. 1876లో మొదలైన ధాతకఱవున చెన్నపురి రాజధానిలో, రాయలసీమతో కూడ, లక్షలకొలది జనులు సర్కారు పనులలో చేరిరి. 1877లో వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డు టెంపుల్, వ్యయమును తగ్గింపదలచి, కష్టించు మగవాని దినభత్యమును ఒక పౌను ధాన్యమునకును, కొద్ది డబ్బునకును దింపెను. ఒక పౌననగా మన తూనికలో అరకిలోకంటె తక్కువ. దినమెల్ల రాయి కొట్టువాని కది చాలదని వైద్యాధికారి కార్నిష్ వాదించెను. కొన్ని నెలలకు భత్యము పెంచక తప్పలేదు. ఆ నడుమ చచ్చినవారు చచ్చిరి. పని యిచ్చుటయు, ప్రాణము నిలుపుటయు ఒక్కటి కావని ఆ యేడు తేటపడినది. ఆకలి నిజమా కాదా యని పరీక్షించుటకు పని యిచ్చువాడొకడు. ఆకలిగొన్నవాని మానము కాపాడుటకు పని యిచ్చువాడొకడు. పాస్నెట్టు రెండవ తెగవాడని నేను తలంచుచున్నాను.

అయిన నిచ్చట సంస్కారప్రియులైన చదువరులు తప్పక యడుగు ప్రశ్న యొకటి గలదు. కఱవునాడు గుడి యేల? చెఱువు త్రవ్వింపరాదా? మెదకునకు 15 కిలోమీటర్ల దూరముననున్న పోచారము జలాశయమును చూడుడు. అదియు ఆ యేండ్లలోనే, 1916కును 1922కును నడుమ, నిజాము ప్రభుత్వముచేత కట్టబడినది. ఆలేరువాగునకు అడ్డుగా వేసిన ఆ కట్ట పంటకు నీరిచ్చెను. గుడిరాయి పండదు గదా యని వాదింపవచ్చును. ఈ వాదమునకు బలమున్నది. కాని అది మొదట కనబడునంత బలము కాదు. ఆనాటి కూలివాని పొట్టకు రెండుచోట్ల దొరకిన మెతుకు ఒక్కటే. మఱియు, చెఱువు త్రవ్వించుటకు ప్రభుత్వమునకు నేలయు, నీటిపై అధికారమును కలవు. బోధకునకు ఇంగ్లండున విశ్వాసులిచ్చిన చందాలు మాత్రమే కలవు. వారు గుడికే యిత్తురు. ఉన్నదానితో అతడు చేయగలిగినది చేసెను.

ఇంతకంటె నన్ను బాధించు ఆక్షేపణ వేఱొకటి. ఆకలిగొన్నవాడు కాదనజాలడు. కాదనజాలనివానితో చేయు ఒడంబడిక నిజమైన ఒడంబడిక యగునా? తన దేవునికి గుడి కట్టింపదలచినవాడే అన్నము పెట్టువాడైనపుడు, తినువాడు ఆ దేవునికి మ్రొక్కిన మ్రొక్కు ఎంతవఱకు హృదయమునుండి వచ్చును? ఈ మాటను అన్యమతముపై రాయి రువ్వుట కనవలదు. మన సత్రములలో కులము నడిగి విస్తరి వేసినదియు ఇట్టి యధికారమే. అచ్చట మ్రొక్కుమని యడుగరైరి గాని, మ్రొక్కువానినిగూడ వాకిట నిలిపిరి. అంటరానివారని యూరివెలుపల నుంచబడినవారు ఈ గుడిలో పడుగుపేకలవలె కలసి కూర్చుండిరనిన, దానిని కేవలము కూటి బేరమని త్రోసివేయుట న్యాయము కాదు. మనుజుని విశ్వాసము ఎక్కడ మొదలిడెనో, అక్కడనే అది యుండిపోదు. తాత కూటికి వచ్చెనేమో. మనుమరాలు ప్రార్థనకు వచ్చుచున్నది.

సరే, మేలును మేలని యొప్పుకొంటిమి. ఇక మొదటి వాక్యమునకు రండు. "కఱవు పుణ్యమా యని" యనుటలో దోషమెక్కడ? కఱవు సందర్భము, కారణము కాదు. ఇల్లు కాలుచుండగా పొరుగువాడు బిడ్డను వెలికి తెచ్చెననుకొనుడు. నిప్పు పుణ్యమా యని పొరుగువాని సాహసము తెలిసెనని ఆ తల్లితో ఎవడైన ననునా? కఱవు ఏమియు కట్టలేదు. అది యెద్దులను చంపినది, ఇండ్లను పాడుపెట్టినది, పసిపిల్లలను మన్నుక్రింద పెట్టినది. కట్టినవారు ఆకలిగొన్న మనుష్యులు. భాషలో కర్తను మార్చినచో ధర్మములోగూడ కర్త మారిపోవును. చేసినవాని కష్టము మాయమై, చంపినదానికి కృతజ్ఞత దక్కును.

ఇది మెదకున మాత్రమే కాదు, తెలుగునాట నంతటను నుండు అలవాటు. 1832-33లో నందనకఱవు గుంటూరుసీమను పాడుచేసెను. అయిదులక్షల జనులలో రమారమి రెండులక్షలు చనిపోయిరని ఆనాటి అంచనా. ఆ నష్టము చూచినపిమ్మటనే కంపెనీవారికి గోదావరీకృష్ణల నీటిపై దృష్టి పడినది. 1847లో ఆర్థరు కాటను ధవళేశ్వరము ఆనకట్ట మొదలిడి, 1852నాటికి ముగించెను. కాటనునకు మనవారు విగ్రహములు నిలిపిరి, నిలుపదగినదే. కాని నందనకఱవు రాకున్న ఆనకట్ట రాకపోవునుగదా, అంతయు మన మేలునకే యని తృప్తిపడు పెద్దలున్నారు. ఆ రెండులక్షలమంది ఈ లెక్కను ఒప్పుకొందురా? ఈ సమాధానము చెప్పువాడు ఎప్పుడును కాలువనీరు త్రాగినవాడే గాని, నీరు రాకమునుపు చచ్చినవాడు కాడు.

ఈ ప్రశ్నను మనకంటె కఠినముగా నెదుర్కొన్న పట్టణ మొకటి జపానుదేశమున గలదు. అది నాగసాకి రేవు. నేడు మన పిల్లలు చదువునకును, ఉద్యోగమునకును జపానునకు పోవుచున్నారు. సెలవులలో అచ్చటి చారిత్రకస్థలములను చూచి, పటములు పంపుచున్నారు. నాగసాకి మన కంత పరాయియూరు గాదు. 17వ శతాబ్ది మొదటినుండి మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిన డచ్చివారే 1641నుండి నాగసాకిలోని దెజిమా యను ద్వీపమున ఉండిరి. ఆ ద్వీపము 1636లో సముద్రమును పూడ్చి, విసనకఱ్ఱ ఆకారమున కట్టబడినది. రెండువందల యేండ్లకు పైగా జపానులో ఐరోపావర్తకులకు విడువబడిన స్థలమదియే. కోరమండలతీరమున మన సాలెవారు నేసి, అద్దకమువారు రంగులద్దిన బట్టలు ఆ వాకిటినుండియే జపానులోనికి పోయెను; వారు వానిని సరస యని పిలిచి, తేనీటి సామగ్రికి సంచులుగా కుట్టుకొని ముచ్చటపడిరి. ఆ డచ్చివారే కఱవువచ్చిన యేండ్లలో మన తీరమున ఆకలికి అమ్ముడుపోయిన మనుష్యులనుగూడ కొని, బటేవియాకు ఓడలలో పంపిరి. బట్టకు పేరు మిగిలినది, మనుష్యులకు మిగులలేదు. ఇప్పుడు దెజిమా చుట్టును సముద్రము లేదు, నగరము పెరిగి దానిని మ్రింగినది. పాత యిండ్లను తిరిగి కట్టి చూపుచున్నారు.

నాగసాకిలో చూడవలసినవి పెక్కు. గ్లవరను స్కాట్లండు వర్తకుని 1863నాటి కొయ్యయిల్లు కొండపై నున్నది; ఆయుధములమ్మిన చేతులే అచ్చట అందమైన తోట వేసినవి. నిషిజాకా కొండపై 1597 ఫిబ్రవరి 5న ఇరువదియార్గురు క్రైస్తవులను సిలువవేసి చంపిరి. 1614లో దేశమంతట ఆ మతము నిషేధింపబడెను. ఏటేట జనులచేత క్రీస్తుయొక్కయు, మేరియమ్మయొక్కయు ప్రతిమలను కాలితో త్రొక్కించు పరీక్ష నాగసాకిలో జరుగుచుండెను. త్రొక్కినవారు బ్రదికిరి, వారిలో కొందఱు ఇంటికి పోయి తలుపు మూసి, త్రొక్కినందుకు ఏడ్చి ప్రార్థించిరి. ఇట్లు గురువులు లేక, గ్రంథములు లేక, రెండువందలయేబదియేండ్లు ఉరకామి యను పల్లెలో విశ్వాసము రహస్యముగా నిలిచెను. విదేశీయులకొఱకు ఊరాలో చర్చి కట్టబడిన పిమ్మట, 1865 మార్చి 17న ఆ పల్లెవారు కొందఱు వచ్చి, తమ హృదయమును ఆయన హృదయమును ఒక్కటే యని ఫ్రెంచిగురువు పెతిజాన్‌తో మెల్లగా చెప్పిరి.

ఆ మాటకు వారిచ్చిన వెల యెక్కువ. 1868 మొదలు ఇంచుమించు 3,400మంది ఉరకామివారిని ప్రభుత్వము దేశమునందలి వేర్వేరు సీమలకు వెళ్లగొట్టెను. ఆఱువందలమందికి పైగా అచ్చటనే మరణించిరి. 1873లో నిషేధము తొలగినపిదప మిగిలినవారు తిరిగివచ్చిరి. ఆ ప్రవాసమునకు వారు పెట్టుకొన్న పేరు తబి. జపానుభాషలో దానికి ప్రయాణమని యర్థము. మనము పెట్టె కట్టుకొని బయలుదేరునప్పుడును జపానువాడు వాడు మాట యిదియే.

తిరిగివచ్చినవారు చేసిన పని చూడుడు. తమ తాతలచేత ప్రతిమలను త్రొక్కించిన గ్రామాధికారి యింటిస్థలమునే కొని, 1895లో అచ్చట గుడి మొదలిడిరి. బీదరైతులు ఇటుక ఇటుక చేర్చిరి. 1914లో గుడి ముగిసెను, 1925లో జంటగోపురములు ముగిసెను. మెదకున పునాదిత్రవ్విన యేడే ఉరకామిలో తలుపులు తెఱచిరి. ఈ రెండు గుళ్లును ఒక్కకాలమున, ఒకదాని నొక టెఱుగక, బీదవారి భుజములపై లేచినవి.

1945 ఆగష్టు 9న అణుబాంబు వేయవలెనని వచ్చిన అమెరికావిమానము మొదట కోకురానగరమునకు పోయెను. అచ్చట భూమి కానరాలేదు, నాగసాకికి తిరిగెను. పగలు 11 గంటల 2 నిమిషములకు బాంబు, ఉద్దేశించిన చోట గాక, ఉరకామిపై ప్రేలెను. గుడి అచ్చటికి అయిదువందల మీటర్ల దూరముననున్నది. మేరియమ్మపండుగకు ముందు పాపనివేదనకై వచ్చినవారును, వినుచున్న గురువులును ఒక్కసారిగా గతించిరి. ఉరకామిలోని పండ్రెండువేల కతోలికులలో ఎనిమిదివేల అయిదువందలమంది మరణించిరని లెక్క. ఆ సంవత్సరాంతమునకు నగరములో చనిపోయినవారు సుమారు 74,000.

ఆ నవంబరు 23న శిథిలముల యెదుట మృతులకొఱకు ప్రార్థన జరిగెను. తకాషి నగాయి యను వైద్యుడు మాటలాడెను. బాంబునకు ముందే ఆయనకు తెల్లరక్తకణముల వ్యాధి సోకియుండెను. బాంబులో భార్య పోయెను. కోకురాకు మేఘములు క్రమ్ముటయు, గుఱితప్పి ఉరకామిపై పడుటయు దైవసంకల్పమే యనియు, లోకము చేసిన యుద్ధపాపమునకు ప్రాయశ్చిత్తముగా ఈ నిర్దోషులు హోమద్రవ్యమైరనియు, ఆ యాహుతితో యుద్ధము ముగిసెననియు ఆయన చెప్పెను. తరువాత పుస్తకములు వ్రాసి ప్రసిద్ధుడై, 1951లో చనిపోయెను.

ఈ మాటలు విని మనము తొందరపడి తీర్పుచెప్పరాదు. నగరములో కొందఱు, అన్యదేవుని కొలిచినందులకు దైవమే వీరిని శిక్షించెనని ఎత్తిపొడుచుచుండిరి. బిడ్డలను పోగొట్టుకొన్నవారికి, మీవారు శిక్షితులు కారు, పవిత్రులని చెప్పినవాడు వారిలోనివాడే. తానును చావునకు సిద్ధముగానున్నవాడు. అట్టివాడు తన దుఃఖమునకు అర్థము వెదకుకొన్నచో తప్పుపట్టుట క్రూరత్వము. అయినను జపానులోనే పలువురు ఆ మాటను పిమ్మట ఖండించిరి. హోమ మనునప్పుడు హోత యెవడు? బాంబు వేసినవాడా? యుద్ధము మొదలిడి, ఓటమి తెలిసియు మానని ప్రభువులా? దైవసంకల్పమన్నపుడు వీరందఱు తప్పించుకొనిరి గదా. యజ్ఞమున చంపబడిన పశువు స్వర్గమునకు పోవుననువానిని మన దేశపు చార్వాకు లడిగిన ప్రశ్నయు ఈ జాతిదే: అంత మంచిదైనచో ముందు నీవారిని పంపవేల యని. చార్వాకుల మతము మనకు రుచింపకపోవచ్చును. ప్రశ్నకు మాత్రము నేటికిని సరియైన బదులు రాలేదు.

1981లో రోముపోపు రెండవ జాన్‌పాల్ జపానునకు వచ్చి, యుద్ధము మనుష్యుడు చేసినపని యని హిరోషిమాలో బహిరంగముగా చెప్పెను. ఆ మాట విన్నపిమ్మటనే నాగసాకి కతోలికులలో పెక్కుమందికి, అంతవఱకు దైవేచ్ఛ యని మౌనముగా మోసిన దానినిగూర్చి నోరు తెఱచుటకు ధైర్యము వచ్చెను. మౌనము ముప్పదియైదేండ్లకు పైగా నడచెను. దుఃఖమునకు త్వరపడి అర్థము చెప్పుటవలని కీడు ఇదియే: అది బాధితుని ఓదార్చును, దానితో పాటు సాక్షినిగూడ నిద్రపుచ్చును.

ఇందుండి నాకు తోచిన భేద మొకటి. తన దుఃఖమునకు తాను అర్థము చెప్పుకొనుటకు దుఃఖితునకు హక్కు కలదు. అది యతని మందు. ఇతరుని దుఃఖమునకు అర్థము చెప్పుటకు చూడవచ్చినవానికి హక్కు లేదు. ఆ నోట నదే మాట బేరమగును. రాయి మోసిన తల్లి, "ఆ గుడి పని దొరకబట్టి నా పిల్లలు బ్రదికిరి" యనినచో ఆ మాట పూజ్యము. మనము కారుదిగి, "కఱవు పుణ్యమా యని" యనినచో కాదు. ఆమె కృతజ్ఞత పనికి, కూటికి, పెట్టిన చేతికి. మన కృతజ్ఞత కఱవునకే పోవుచున్నది.

శిథిలముల విషయమునగూడ ఇట్టి వివాదమే వచ్చినది. ఉరకామిలో కూలక మిగిలిన గోడలను లోకమునకు సాక్ష్యముగా నుంచవలెనని నగరసభవారు కోరిరి. అదే స్థలమున తిరిగి గుడి కట్టుకొందుమని బిషప్ యమగుచియు, సంఘమును కోరిరి. 1958లో శిథిలములు తొలగింపబడెను. 1959లో క్రొత్తగుడి లేచెను. హిరోషిమాలో గోపురము నిలిచినట్లు నాగసాకిలో ఏదియు నిలువలేదు. ఒక గోడభాగమును బాంబు ప్రేలినచోటనున్న తోటకు తరలించిరి; కూలిన గోపురపుతల యొకటి కొండవాలున పడినచోటనే యున్నది; గంటలలో నొకటి పగులక దొరకగా 1945 క్రీస్తుజయంతికి ముందురాత్రి దానిని మ్రోగించిరి. యాత్రికులకిది గొప్పనష్టమే. అయినను నేను సంఘమువారి పక్షమున నిలుతును. తమ తాతలు అవమానము పొందిన నేలపైననే మ్రొక్కవలెనని వారు కొన్న స్థలమది. లోకము చూచి నేర్చుకొనుటకై వారు శాశ్వతముగా గాయము కప్పుకొనక కూర్చుండవలెననుట న్యాయము కాదు. గోడలు లేకున్న లేకపోవుగాక, జరిగినది తెలిసికొనిపోవు భారము చూడవచ్చినవానిది.

కాని, దాచుట వేఱు. నాగసాకి తీరముననే హషిమా యను బొగ్గుగనుల ద్వీపము కలదు. యుద్ధకాలమున కొరియానుండి బలవంతముగా తేబడినవారు ఆ గనులలో పనిచేసిరి. 2015లో జపాను పారిశ్రామికస్థలములతో పాటు అదియు ప్రపంచవారసత్వపట్టికలో చేరినప్పుడు, ఆ చరిత్రనుగూడ చెప్పుదుమని జపాను మాటయిచ్చెను. 2020లో టోకియోలో తెఱచిన ప్రదర్శనశాలలో అది చాలినంత చెప్పబడలేదని 2021లో యునెస్కో సమితియే తీవ్రముగా విచారము తెల్పెను. గోడలు తొలగించియు ఉరకామి సత్యమును దాచలేదు. గోడలన్నిటిని నిలిపియు హషిమాలో సత్యము సగమే చెప్పబడినది. వస్తువును కాపాడుటయు, దాని కథను కాపాడుటయు వేర్వేరు పనులు.

మన యూరికోటయందును ఇది చూడవచ్చును. కాకతీయులనాటిదని చెప్పబడు ఈ దుర్గమున మొదటి వాకిట గండభేరుండమును చూచి మురియుదుము, గజద్వారము దాటి, కుతుబుషాహీలనాటి మసీదును, ఫిరంగిని చూచి దిగుదుము. కొండ నెక్కుటకే మనకు ఆయాసము. ఆ బండలను పైకి చేర్చినవాని ఆయాసము మనకు తోపదు. వెట్టియో, కూలియో అడుగుటకు సాక్షులు లేరు. కాలము ముదిరినకొలది పాపమునకు పాచిపట్టి అందముగా కన్పట్టును.

గుడికి మాత్రము నూఱేండ్లే. దానిని కట్టినవారి మనుమలు, మునిమనుమలు ఈ చుట్టుపట్ల పల్లెలలోనే యుండక తప్పదు. తాత ఏ రాయి మోసెనో, దినమునకేమి తినెనో, ఎన్నిమైళ్లు నడచి వచ్చెనో, ఇంట ఎవరు చనిపోగా ఎవరు మిగిలిరో ముసలివారు విన్నంతవఱకు చెప్పగలరు. పదియేండ్లు గడచిన ఆ విన్నవారును ఉండరు. మన బడిపిల్లలు కోటగోడలపై పేర్లు చెక్కుటకు చూపు శ్రద్ధలో సగము పెట్టినను, ఒక వేసవిలో నోటుపుస్తకము నిండును. మంచి రాజుల పేర్లు వరుసగా వల్లించుటకంటె ఇందు చరిత్ర యెక్కువ నేర్చుకొందురని ఉపాధ్యాయులకు నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. గృహిణులు పూనుకొన్న మఱింత మేలు; కూటిమాట ఆడువారు అడిగినపుడే ముసలమ్మలు విప్పి చెప్పుదురు.

చర్చి చూడవచ్చినవారిని అదేదినము పోచారమునకుగూడ తీసికొనిపోవుట మంచిది; బండిమీద అరగంట ప్రయాణము. కట్టమీద నిలిచి, ఈ రాళ్లును ఆ రాళ్లును ఒక్క యేండ్లలో మోయబడినవని పిల్లలతో చెప్పవచ్చును. అచ్చట శిఖరము లేదు, రంగుటద్దములు లేవు, కట్టినవాని పేరడుగువారును అరుదు. కాలువ తెఱచినప్పుడు నీరు పొలములకు పోవుచుండును.